ఏడో నంబరు చెప్పిన వేడి

జూన్ 9, సోమవారం
పరిశోధన కేంద్రం, మూడో అంతస్తు

పూజ్యులైన మాస్టారికి,

నమస్కారాలు. నేను క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా పలకరింపు లేని ఇద్దరి మధ్య ఆ మాటకి ఎంత విలువుందో మీకూ తెలుసు.

మీ ఉత్తరం శుక్రవారం అందింది. కవరు మీద చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. నా మొదటి పరిశోధన పత్రం అంచుల నిండా ఎర్ర సిరాతో "ఆధారం? ఇంకో ఆధారం?" అని రాసిన చెయ్యే కదా! చాటుగా మేమంతా మిమ్మల్ని రెండో సాక్షి మాస్టారు అనేవాళ్లం. మీరు మాత్రం నన్ను ఎదురుగానే తొందరమ్మా అని పిలిచేవారు.

మీరు అడిగింది ఒక్కటే. సముద్రంలో లంగరేసి తేలేలా ఉంచిన మన ఏడో నంబరు బోయాని పైకి తీశాక, దాని సెన్సరు వేడిని సరిగ్గా కొలుస్తోందో లేదో చూసిన కాలిబ్రేషన్ కాగితం కావాలన్నారు. రిటైరయ్యాక పాత ఓడల రికార్డులన్నీ కూర్చి లెక్క కట్టారట. పదకొండేళ్ల కిందట వానలు ఎగ్గొట్టింది తూర్పు సముద్రపు వేడి కాదనీ, అవతలి పక్క గాలులు నీరసించడమనీ తేలిందట. అలాగైతే ఏడో నంబరు అంత వేడి ఎలా చూపించిందని మీ ప్రశ్న. "నా కోసం అడగడం లేదమ్మా. ఆ అంకె మీద ఇవాళ్టి అంచనాలు నిలబడి ఉన్నాయి" అని రాశారు.

ఆ కాగితం లేదు మాస్టారూ. బోయా తుక్కులోకి పోయింది, దానితోపాటు కాగితాలూ పోయాయి.

ఇక్కడితో ఆపేసి సంతకం పెట్టొచ్చు. కానీ మీరు అంత తీరిగ్గా అడిగారే, ఆ తీరిక చూస్తే ఒళ్లు మండింది.

ఆ మే నెల గుర్తుందా? వంద మీటర్ల లోతున నీరు మూడు వారాల్లో ఒకటిన్నర డిగ్రీ పైగా వేడెక్కిందని ఏడో నంబరు చెప్పింది. తూర్పున నీరు అలా కాగితే గాలులు దారి మార్చుకుంటాయని, మేఘాలు అటే కురిసి ఇటు మొహం చాటేస్తాయని నాకు నేర్పింది మీరే. కాగితాలు పట్టుకుని మీ గదికి పరిగెత్తుకొచ్చాను. మీరు కళ్లద్దాలు పైకి నెట్టి, పక్క బోయాలు ఏమంటున్నాయని అడిగారు. ఒకదానికి బ్యాటరీ అయిపోయింది, ఇంకోదాన్ని వలలు తెంపుకుపోయాయి. ఉపగ్రహానికి సముద్రం పైచర్మమే తప్ప కడుపు కనిపించదు. అయితే ఓడ వెళ్లి చూసొచ్చేదాకా ఆగమన్నారు. ఓడ వెళ్లేది ఆగస్టులో, విత్తనాలు వేసేది జూన్‌లో అన్నాను.

"వానలు పడవని మనం చెప్పి, అవి పడితే? మన మాట నమ్మి చేను బీడు పెట్టుకున్నవాడికి ఏం చెప్తావు?" అన్నారు మీరు.

ప్రకటన వెళ్లింది. సాధారణ వర్షపాతం. కింద మీ సంతకం, దాని కింద నాది. లోపలి మాట బయట ఎవరి దగ్గరా ఎత్తకూడదని చెప్పారు.

ఆ వారమే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏమే అక్కా, ఈ ఏడు వానలెలా ఉంటాయి? మొక్కజొన్న వేద్దామనుకుంటున్నాను" అన్నాడు. ప్రకటన చూడరా అన్నాను. "ప్రకటన ఎందుకే, నువ్వున్నావుగా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మీ మాట దాటలేక నవ్వాను.

జూన్‌లో రెండు వానలు పడి మొలకలొచ్చాయి. ఆ తర్వాత ఆకాశం చుక్క రాల్చలేదు. ఆగస్టులో వెళ్లేసరికి చేను మోకాలి ఎత్తున ఆగిపోయి ఉంది. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. తమ్ముడు ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టాడు. వేళ్లకి తడి మట్టి అన్నది లేదు, పొడి రాలింది. "నీకు ముందే తెలుసా అక్కా?" అని అడిగాడు. తెలుసురా, మా మాస్టారు చెప్పనివ్వలేదు అన్నాను. ఆ ఏడాదితో వ్యవసాయం వదిలేశాడు. ఇప్పుడొక గిడ్డంగి గేటు దగ్గర కాపలా కూర్చుంటాడు. నా ఒళ్లో పెరిగినవాడు, నన్ను మీరు అని పిలుస్తాడు.

సెప్టెంబరులో, కరువొస్తుందని ముందే ఎందుకు చెప్పలేదని విచారణ పెట్టారు. బోయా సరిగ్గానే పనిచేసిందా అని కమిటీ పెద్ద అడిగాడు. చేసింది అన్నాను. మీరు నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. కళ్లద్దాలు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. మిమ్మల్ని ఏదో కాలేజీకి పంపారు, మొదటి ఏడాది పిల్లలకి థర్మామీటరు చదవడం నేర్పమని. మీ గది నాకిచ్చారు. ఏడో నంబరు మీద నేను రాసిన పత్రం పేరు తెచ్చుకుంది. దానిలోంచి పుట్టిన లెక్కతోనే ఇప్పటికీ వానల అంచనా వేస్తున్నాం.

మీరు వెళ్లిపోయిన నెలకి మీ శ్రీమతిగారు ఇక్కడికొచ్చారు. మీకు చెప్పారో లేదో. ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోలేదు. "నిన్నేమీ అనడానికి రాలేదమ్మా. ఆయన రోజూ ఒకటే మాట. ఆ పిల్ల అబద్ధమాడదు, నేనే పొరబడ్డాను అంటూ అన్నం సగంలో లేచిపోతున్నారు. ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్లు" అన్నారు. తీరిక లేదన్నాను.

అవును, ఈ నాలుగేళ్లలో రెండుసార్లు మా అంచనా తప్పింది. సముద్రం మన ఇంటి జీతగాడు కాదు, చెప్పినట్టల్లా వినడానికి. దాన్ని పట్టుకుని ఇప్పుడు నన్ను బోనెక్కించాలని చూస్తున్నారా? ఎండిన చేల గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. జరిగినదానికి చింతిస్తున్నానని లేదు. కాగితం కావాలట, కాగితం!

ఇకపైన రాయకండి. రాసినా జవాబివ్వను.

నమస్కారాలతో,
ఒకప్పటి మీ శిష్యురాలు

తా.క. జూన్ 12, గురువారం.

ఉత్తరం మూడు రోజులుగా బల్ల మీదే ఉంది. ఈ ఏటి అంచనా కూడా దాని పక్కనే ఉంది, రేపు సంతకం పెట్టాలి. రెండూ మార్చి మార్చి చదివాను.

బోయా తుక్కులోకి పోయిన మాట నిజమే. కాగితం పోలేదు.

విచారణకి రెండు రోజుల ముందు నేనే ఆ సెన్సరుని కింద ల్యాబులో నీళ్ల తొట్టెలో ముంచి పరీక్షించాను. మీరు తప్పని నిరూపించడానికే చేశాను. తొట్టెలో నీరు ఇరవై డిగ్రీలుంటే అది ఇరవై ఒకటీ పాయింటు ఏడు అంది. నీళ్లు కలియబెట్టాను. కేబులు మార్చాను. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ అంతే. సముద్రం వేడెక్కలేదు మాస్టారూ, సెన్సరు చెడింది. మీరు అనుమానించినట్టే.

కానీ అప్పటికి చేలు ఎండిపోయాయి. నేను చెప్పినట్టే ఎండిపోయాయి. నా మాట గుడ్డిదెబ్బగా తగిలిందని నాకొక్కదానికే తెలుసు. తమ్ముడికి మీ పేరు చెప్పేశాను. ఇంక వెనక్కి ఎలా తీసుకోను? కాగితం మడిచి నా బీరువాలో పెట్టుకున్నాను. కమిటీ ముందు బోయా సరిగ్గానే పనిచేసింది అన్నాను.

అసలు కాగితమే దీనితో పంపుతున్నాను. నా చేతిరాత, నా సంతకం, తేదీ అన్నీ ఉన్నాయి. ఎవరికీ చూపించొద్దని అడగాలని ఉంది. అడగడం లేదు. ఈ ఏటి అంచనా మీద సంతకం పెట్టనని పొద్దున పైవాళ్లకి రాసిచ్చాను. ఎందుకో ఇంకా చెప్పలేదు.

నిన్న తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆ ఏడు ఏం జరగబోతోందో నాకు నిజంగా తెలియదురా అన్నాను. "మరి ఆ మాస్టారుని ఎందుకు పంపించేశారు?" అని అడిగాడు.

పంపించింది నేనే అన్నాను. ఫోన్ పెట్టేశాడు.