నా మాట నేనే పూర్తి చేశాను

పద్మారావు నగర్,
సికింద్రాబాద్.

నాన్నగారికి, నేను క్షేమం.

ఫోన్‌లో నాకు నత్తి రాగానే మిగతా మాట మీరే అందించేస్తారు. అందుకే కార్డు రాస్తున్నాను. మొన్న మా కళ్లజోళ్ల షాపుకి ఒకాయన వచ్చారు. ఫ్రేము గురించి చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను.

"ఏందమ్మా, మాట్లాడేటోళ్లు ఇంకెవ్వరు లేరా?" అని విసుక్కున్నారు. ఓనరు అనసూయమ్మగారు లేచి వస్తుంటే వద్దని చెయ్యి చూపించాను.

"నాకు నత్తి ఉందండీ. మాట ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. మీరు ఆగాలి," అన్నాను. అదీ నత్తితోనే.

"సరే, చెప్పు," అని ఆయన ముఖం మాడ్చుకుని స్టూలు మీద కూర్చున్నారు. నేను తొందరపడలేదు. అంతా చెప్పాను, ఆయన అంతా విన్నారు. కళ్లజోడు కొనుక్కునే వెళ్లారు.

అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? బీరువాలో నా నీలం చున్నీ ఉండిపోయింది, కాస్త కందిపొడితో పాటు తీసుకురండి. ఆదివారం వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లిపోతానని అమ్మతో అన్నారట. తప్పకుండా రండి. తిరుగు టిక్కెట్టు మాత్రం మీ ఒక్కరికే తీసుకోండి.

అమ్మకు, మీకు నమస్కారాలతో,
మీ అమ్మాయి నాగజ్యోతి