తుపాకుల లాటరీకి నా స్థలం ఇవ్వను

నేను, లొరెట్టా యానోస్కీ, కీ.శే. ఎమిల్ యానోస్కీ భార్యను, పెన్సిల్వేనియాలోని షేల్ రన్ ఊరి కాపురస్తురాలిని, ఒళ్లు సహకరించకపోయినా బుద్ధి చక్కగా పనిచేస్తుండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. కోపంలో రాసిందని రేపు ఎవరైనా కోర్టుకెక్కితే, అవును, కోపంలోనే రాశాను. కోపం పిచ్చి కాదని మా డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

1. దీని అమలు బాధ్యత నా చెల్లెలి కూతురు మార్లాకు అప్పగిస్తున్నాను. మొహమాటం ఎరగని మనిషి. ఈ పనికి అదే కావాలి.

2. నా ఇల్లు, సామాను సమస్తం నా కూతురు రొజాన్ కన్న బిడ్డ టెస్‌కు సర్వహక్కులతో చెందాలి. పీరోగీ కజ్జికాయలకు పిండి ఒత్తే కర్ర, వాళ్లమ్మ ఎర్ర బూట్లు కూడా. బూట్లు వదులవుతాయి తల్లీ, రెండు జతల మేజోళ్లు తొడుక్కో.

3. మా ఆయన జింకల వేట తుపాకీ, దాన్ని పెట్టి తాళం వేసే ఇనప బీరువాతో సహా, మా మరిది క్లెమ్‌కు చెందాలి. బీరువా వద్దు, తుపాకీ చాలంటే ఇవ్వకూడదు. నా తగువు వేటతో కాదు.

4. ఫైర్ హాలు పక్కనున్న నా ఖాళీ స్థలం. దీన్ని జాగ్రత్తగా చదవండి.

మంటలార్పే మన వాలంటీర్ల దళం ఖర్చుల కోసం ఏటా వసంతంలో ఆ హాల్లో, తుపాకులే బహుమతులుగా, తుపాకుల లాటరీ పెడుతుంది. వచ్చినవాళ్ల బళ్లన్నీ ఆగేది నా స్థలంలోనే. ఓసారి ఆ లాటరీలో పిస్టల్ గెలిచిన ఓ పెద్దమనిషి దాన్ని తాళం వెయ్యని ట్రక్కులో వదిలేశాడు. ఎవడో ఎత్తుకుపోతే పోలీసులకు చెప్పనైనా లేదు. ఆ పిస్టల్‌తోనే, కిరాణా కొట్లో పాలు కొంటున్న నా రొజాన్‌ని కాల్చి చంపారు.

ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో గిన్నెలు పట్టనంత హాలుష్కి వండి తెచ్చింది. ఆ తరవాత రొజాన్ పేరిట పార్కులో బెంచీ వేయాలనుకున్నారు. దానికి డబ్బెలా పోగుచేశారు? తుపాకుల లాటరీ పెట్టి. దళానికి పెద్ద అయిన క్లెమ్ మా ఇంటికొచ్చి, "వదినా, ఈసారి జనం విరగబడతారు చూడు. మొదటి చీటీ నువ్వే తియ్యాలి" అన్నాడు. వాడు చెడ్డవాడు కాడు. నాకు ఒళ్లు మండేది అందుకే.

ఆపండని హాలు సమావేశానికి వెళ్లి అడిగాను. "ఇప్పుడా మాటెందుకమ్మా, గాయం ఇంకా పచ్చిగా ఉంది" అన్నారు. గాయం నాది. మరుసటేడు మళ్లీ వెళ్తే, "పాతవన్నీ ఎందుకు తవ్వుతావు లొరెట్టా" అన్నారు. పచ్చిగా ఉండటానికీ పాతబడటానికీ మధ్య మాట్లాడదగ్గ రోజు ఎప్పుడొచ్చి పోయిందో నాకెవరూ చెప్పలేదు.

కాబట్టి, లాటరీ శాశ్వతంగా మానేస్తామని దళం సభ్యులు అందరి ఎదుటా చేతులెత్తి తీర్మానిస్తే, స్థలం దళానిది. ఎన్నాళ్లుగానో అడుగుతున్న కొత్త షెడ్డు కట్టుకోండి. లేదంటే మార్లా చుట్టూ కంచె వేసి గేటుకు తాళం బిగించాలి. చీటీల మీద రహస్య ఓటు చెల్లదు.

5. నా అంత్యక్రియల్లో ఎవరూ నిమిషం మౌనం పాటించకూడదు. రొజాన్ కోసం మొదలుపెట్టిన మౌనమే మీరింకా ముగించలేదు. ఆ సమయంలో మార్లా పై నాలుగో అంశం గట్టిగా చదవాలి. నన్ను పూడ్చకముందే తీర్మానం జరగాలి. ముందు వరుసలో టెస్‌ని మీ వైపు తిప్పి కూర్చోబెట్టాలి. తుపాకీ పట్టుకుని ఎవరైనా వస్తే చీకట్లో కిక్కురుమనకుండా ఎలా దాక్కోవాలో ఆ పిల్లకి బడిలో నేర్పుతున్నారు. చెయ్యి ఎత్తడం ఇష్టంలేనివాళ్లు దాని మొహంలోకి చూస్తూ కూర్చోండి.

షేల్ రన్, 2024 ఫిబ్రవరి 9
(సంతకం) లొరెట్టా యానోస్కీ

సాక్షులు:
డార్లీన్ ప్రోబర్ట్, పొరుగింటామె
హోబర్ట్ లెంగెల్, స్కూల్ బస్సు డ్రైవరు