కవర్ పేజీ మీద మీ ఆవిడ

ఒరేయ్ సత్తిబాబూ, నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. అక్కడ కూడా ఎవడికో పని చెప్పేసి నువ్వు గట్టు మీద కూర్చునుంటావు.

ఇక్కడో తమాషా జరిగింది. రైతుల పత్రికవాళ్ళు మహిళా రైతు ఫోటో కావాలని మన ఊరొచ్చారు. నీ చేలో నాట్లు వేయిస్తున్న మీ ఆవిడ మంగని చూసి, "బొట్టు లేకపోతే కవర్ పేజీకి బాగోదండి, మా పత్రిక చదివే ఆడాళ్ళు ముట్టుకోరు" అన్నారు. నీ పదోరోజున ఆవిడ బొట్టు చెరిపిన మీ అక్కే దగ్గరుండి రూపాయి బిళ్ళంత బొట్టెట్టింది, తల్లో కనకాంబరాలు పెట్టింది. ఫోటోగ్రాఫరు బండెక్కగానే తడిగుడ్డ తెచ్చి తనే తుడిచేసింది.

ఇవాళ పత్రిక వచ్చింది. మీ ఆవిడ నారుకట్ట పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. మీ అక్క దాన్ని వీధంతా తిప్పి చూపిస్తోంది. నా నోరూరుకోదు కదా, మంగతో "మావోడు బతికుండగా ఇలా నవ్వలేదేంటమ్మా" అన్నాను.

"అప్పుడు నవ్వమని ఎవరడిగారు అన్నయ్యగారూ" అంది.