బీరువాలో ఇత్తడి బిరడాలు

కెప్టెన్ హాలోరన్ గారూ, నేను చస్తే నన్ను చంపింది శత్రువు కాదు, మీ బీరువా. అందుకే ఈ వీలునామా అమలు చేసే పూచీ మీ నెత్తినే పెడుతున్నాను.

అమెరికాలో టొలీడో వాసి, నలభై మూడేళ్ళవాడు, యుద్ధానికి ముందు కార్మిక సంఘం పత్రిక నడిపినవాడు, ఇప్పుడు నేల మీదా నీటి మీదా నడిచే జీపు డ్రైవరు, కార్పొరల్ లెస్టర్ గ్రబోవ్‌స్కీ అనే నేను పూర్తి తెలివిలో ఉండి రాయించకుండా స్వయంగా రాసినదేమనగా:

1. మా జీపు అడుగున రెండు కన్నాలుంటాయి. నీళ్ళలోకి దిగేముందు వాటికి ఇత్తడి బిరడాలు బిగించాలి. శనివారం తనిఖీకి తళతళలాడాలని మీరు వాటిని ఊడబీకించి, తోమించి, బీరువాలో పెట్టి తాళం వేశారు. మంగళవారం, తాళంచెవి మీ జేబులో ఉండగానే, బండిని సరస్సులోకి దించమన్నారు. దించాను. మునిగింది. బండ్ల రిపోర్టు ఫారంలో 'మునిగింది' అనే గడి లేదు కనక 'నిలిపి ఉంచబడినది' అని రాశారు. నిలపకూడని చోట నిలిపినందుకు నాకు రెండ్రోజులు బంగాళాదుంపల చెక్కు తీసే శిక్ష! ఆ బండిని, లోపల కాపురముంటున్న చేపలతో సహా, సైన్యానికి సర్వహక్కులతో రాసిస్తున్నాను. బదులుగా నాకిచ్చిన కొత్త బండి బిరడాలూ అదే బీరువాలో ఉన్నాయి.

2. స్టోరు సార్జెంట్ డగ్గన్‌కి మా గుడారం చీపురు. కర్ర సగమే ఉంటుంది. "బిరడా పోతే నా ఉద్యోగం పోతుందయ్యా. నువ్వు పోతే అది వేరే ఫారం" అన్న మహానుభావుడాయన.

3. నా భార్య ఐరీన్‌కి, ఆమె అల్లిన ఉన్ని మేజోళ్ళు. నా దగ్గర ఇంకా తడవనివి అవొక్కటే. వంటింటి నేల చల్లగా ఉంటుంది, వేసుకో. సమ్మెనాడు వెనక గేటులోంచి పనిలో దూరిన బావమరిది క్లారెన్స్‌కి ఏమీ లేదు. అది కూడా వెనక గుమ్మంలోంచే వచ్చి తీసుకోవాలి.

4. చీపురుకర్ర చెక్కి నేను చేసిన రెండు కొయ్య బిరడాలు పక్క బండి డ్రైవర్ ప్రూయిట్‌కి. అవి ఇప్పటికే ఇచ్చేశాను. "తాతా, నాకు స్నానాల తొట్టంటేనే దడ. వీళ్ళేమో నడిసముద్రంలోకి తోలమంటున్నారు!" అన్నాడు. నాకు కాస్త ఈత వచ్చు. ఇంకో చీపురు లేదు.

ఎల్లుండి దండయాత్రకి బయలుదేరాలి. రేపు మళ్ళీ తనిఖీ, బిరడాలు మళ్ళీ బీరువాలో. కనక నా డిమాండ్లు:

బీరువా తెరవాలి.
బిరడాలు డ్రైవర్ల చేతికివ్వాలి.
మెరుపు తగ్గినా ఫరవాలేదనాలి.
ఫారంలో 'మునిగింది' గడి చేర్చాలి.
నా రెండు బిరడాలు రేపు సాయంత్రంలోగా ఇస్తే, ఈ వీలునామా చించెయ్యాలి.

బిజెర్ట్ రేవు, ఉత్తర ఆఫ్రికా, 7 జులై 1943
(సంతకం) లెస్టర్ గ్రబోవ్‌స్కీ

సాక్షులు: హైరమ్ స్టాడ్, వంటవాడు.
వెర్నన్ ప్రూయిట్, డ్రైవరు. (ఆస్తి పొందేవాడు సాక్షి కాకూడదంటారు. ఈత రానివాణ్ణి సముద్రంలోకి తోలకూడదని కూడా అంటారు.)