లోపలికి తిప్పిన నంబరు

ఉదయగిరి, జూన్ 1996, శుక్రవారం

క్వారీ దారిలో లారీ ఊరికే దిగబడుతోందని, ఆత్మకూరులో వెనక చక్రాలకు నాలుగు పాత పెద్ద టైర్లు కొన్నాను. ఎక్కడివని అడగలేదు.

ఇంటికొచ్చి బురద కడిగితే, వాటి మీద ఇనుముతో కాల్చిన దేవదానం లారీ నంబరు బయటపడింది. చర్చిలో నా పక్కన కూర్చునే దేవదానమే. టైర్లు ఎవరో ఎత్తుకుపోయారని నెల నుంచి స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడు. దొంగల భయంతో ఆ నంబరు కాల్చిన రోజు, టైరు కదలకుండా పట్టుకున్నది నేనే.

మెకానిక్ మస్తాన్ నంబరు చూసి, నా మొహం చూశాడు.

"లోపలికి తిప్పి బిగించు," అన్నాను. బిగించాడు.

సాయంత్రం దేవదానం వచ్చి, లారీ చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని చూశాడు.

"మంచివి దొరికినాయి రా నీకు. నాక్కూడా ఆడనే చూడు," అన్నాడు.

చూస్తానన్నాను.