ఒట్టి అచ్చులు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి ఒక్కో పేషెంటుకి ఇరవై ఐదు నిమిషాలేనట. మొన్నటిదాకా నలభై. డాక్టరుగారు పొద్దున్నే మీటింగు పెట్టి నవ్వుతూ చెప్పారు, స్మార్ట్‌గా పనిచేయాలట. చిగుళ్ళ కింద ఏళ్ళ తరబడి గట్టిపడ్డ గార ఆయన నవ్వుకి రాలిపడదు. గీకాలి. గీకేది నా బొటనవేలు.

పదకొండేళ్ళుగా ఇదే పని. వంగి, మెడ విరుచుకుని, ముప్ఫై రెండు పళ్ళూ శుభ్రం చేసేది నేను. చివర్లో డాక్టరుగారు వచ్చి, అద్దం పెట్టి రెండు నిమిషాలు చూసి, బాగుందంటారు. పేషెంటు థాంక్స్ చెప్పేది ఆయనకి. సొమ్మొకడిది, సోకొకడిది.

మార్చి 5, బుధవారం, లంచ్ టైము

నా పేషెంట్లందరూ రోజూ పళ్ళ సందుల్లో దారం పెట్టి ఫ్లాస్ చేస్తారట. ఒక్కరి చిగుళ్ళకీ ఆ సంగతి తెలియదు.

మార్చి 6, గురువారం

రిటైరైన లెక్కల మాస్టారొకాయన వచ్చారు. నోట్లో అద్దం, సక్షను గొట్టం, నా రెండు వేళ్ళు. ఆ స్థితిలో ఈఉ ఆఆఇ అన్నారు. నీళ్ళిచ్చాను. కొత్త రిసెప్షనిస్టు తలుపు దగ్గర నోరు వెళ్ళబెట్టింది, ఎలా అర్థమైందని. నీళ్ళు కావాలి అన్నారు, అంతే. నోరు తెరిచి ఉంటే పెదాలు కలవవు, నాలుక కదలదు. హల్లులు పోతాయి, అచ్చులు మిగులుతాయి. మన ప్రతి అక్షరంలోనూ ఓ అచ్చు ఉంటుంది కాబట్టి మిగిలిన దాంతో నేను నెట్టుకొస్తాను.

ఇంట్లో అత్తగారి మాట అర్థమయ్యేది కూడా నాకొక్కదానికే. జనవరిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, నోరు వంకర పోయింది. బుద్ధి మాత్రం కత్తిలా ఉంది. ఈయనేమో తల్లి ఏమన్నా చంటిపిల్లకి ఊకొట్టినట్టు ఊకొడతారు. నిన్న ఆవిడ ఆఉ అంది. ఈయన పాలు కాచి తెచ్చారు. గ్లాసు తోసేసింది. మళ్ళీ ఆఉ. మళ్ళీ పాలు. ఆవిడ చూసేది ఫ్యాను వైపు కదా, ఆపు అంటోంది కదా! నేను వెళ్ళి స్విచ్చి నొక్కితే ఈయన నన్ను అనుమానంగా చూశారు. నువ్వు ఊహించి చెబుతున్నావు అంటారు.

మాది ముచ్చట్లాడుకునే అత్తాకోడళ్ళ సంబంధం కాదు. పరాయివాళ్ళ నోట్లో వేళ్ళు పెట్టే ఉద్యోగం ఇంకేం దొరకలేదా అని పెళ్ళయిన కొత్తలో ఆవిడ విసుక్కుంది. ఇప్పుడు రోజుకి మూడుసార్లు ఆవిడ నోట్లో వేళ్ళు పెడుతున్నాను. పడిపోయిన వైపు బుగ్గలో తిన్నదంతా ఇరుక్కుంటుంది, ఆవిడకి తెలియదు. వేలికి గాజుగుడ్డ చుట్టి తీయాలి. ఈయన ఒకసారి ప్రయత్నించి వాంతి చేసుకున్నారు. క్లినిక్‌లో పదిహేను నోళ్ళు, ఇంట్లో పదహారోది.

మార్చి 9, ఆదివారం

వదిన వచ్చింది. ఈయన అక్క. రెండు గంటల దూరంలో ఉంటుంది. అమ్మని తీసుకుపోతానంది. మేమిద్దరం ఉద్యోగాలకి పోతే పగలంతా కిరాయి మనిషి చేతిలో ఉంటోంది, తనైతే ఇంట్లోనే ఉంటుంది అని. ఈయన ససేమిరా అన్నారు. గంటసేపు వాదించుకున్నారు, అత్తగారు అక్కడ లేనట్టే. ఆవిడ కళ్ళు ఇటూ అటూ తిరుగుతున్నాయి.

నాకు ఒళ్ళు మండింది. మంచం దగ్గర వంగి, మీరెక్కడుంటారత్తయ్యా అని అడిగాను. ఆవిడ నన్నే చూస్తూ, తొందర పడకుండా, రెండుసార్లు చెప్పింది. అఆఇ అఅఏ ఉఆ.

అమ్మాయి దగ్గరే ఉంటా.

అదే చెప్పాను. వదిన తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఈయన నన్ను వంటింట్లోకి పిలిచి, అమ్మ అన్నది కాదు, నువ్వు వినాలనుకున్నది విన్నావు అన్నారు. పదకొండేళ్ళు నోరు తెరిచిన జనంతో మాట్లాడినదాన్ని, నాకు చెప్పొచ్చారు! పాలు కాచుకోండి వెళ్ళి అన్నాను.

మార్చి 10, సోమవారం

ఈయన తన క్యారేజీ తనే కట్టుకుని పోయారు.

మార్చి 15, శనివారం

వదిన అత్తగారిని తీసుకెళ్ళింది. అమ్మే కోరుకుందని తను పట్టుబడితే ఈయన తగ్గారు. కారెక్కించేటప్పుడు ఆవిడ ఎడమ చేత్తో నా చున్నీ పట్టుకుంది. మెట్టు చూసి భయపడినట్టుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాను.

వదినకి రెండు పేజీలు రాసిచ్చాను. తిన్న ప్రతిసారీ కుడి బుగ్గ చూడాలి, కూర్చోబెట్టే తోమాలి, పడుకోబెట్టి నీళ్ళు పోయకూడదు, నోట్లో మిగిలింది ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదం. నోరు కడగడానికీ ఇంత చదువుండాలా అని నవ్వి కాగితాలు బ్యాగులో పెట్టుకుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు సంతోషంగా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. క్లినిక్ నుంచి వచ్చాక ఇంకొకరి నోరు తెరవక్కర్లేదు. సాయంత్రం కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాను, ఆరింటికే.

మార్చి 19, బుధవారం

ఇద్దరు పేషెంట్ల మధ్య వదిన ఫోను. అమ్మ నోరు తెరవడం లేదట. అన్నం పెడితే ఎలాగో రెండు ముద్దలు తింటుంది, బ్రష్షు కనబడితే పళ్ళు బిగించేస్తుందట. చెంప మీద మెల్లగా నిమరమని, కసరొద్దని, పెదవి మూల నుంచి వేలు పోనివ్వమని చెబుతుంటే డాక్టరుగారు గడియారం చూశారు. తర్వాత పిలిచి, ఈ వారంలో నాలుగుసార్లు నేను ఇరవై ఐదు నిమిషాలు దాటానన్నారు. లెక్క బాగానే పెట్టారు. నేను గీకిన గార ఎంతో అది మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

మార్చి 21, శుక్రవారం, ఉదయం 11

అత్తగారికి జ్వరమట. ఛాతీలో గురగుర. అక్కడి డాక్టరు వచ్చి చూశారట. నోట్లో కుళ్ళిన తిండి ఊపిరితిత్తుల్లోకి జారుతున్నట్టుంది, మందులు రాశాను, నోరు శుభ్రంగా ఉంచకపోతే ఆసుపత్రే, ఈ వయసులో ఆ తర్వాత చెప్పలేను అన్నారట.

రేపు సెలవు కావాలన్నాను. శనివారం తొమ్మిది అపాయింట్‌మెంట్లున్నాయన్నారు డాక్టరుగారు. తొమ్మిదింటినీ మీరే స్మార్ట్‌గా చేయండి అనేశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

మార్చి 22, శనివారం

పొద్దున్నే బయల్దేరాం. బండి ఈయనే నడిపారు.

అత్తగారు దిండ్లకి ఆనుకుని ఉంది. వారం రోజుల్లోనే మనిషి సగమైపోయింది. వదిన పక్కన బ్రష్షు పట్టుకుని, కళ్ళు వాచిపోయి, అమ్మా ఒక్కసారమ్మా అని బతిమాలుతోంది. ఆవిడ పెదాలు బిగించి గోడ వైపు చూస్తోంది. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే తల తిప్పింది. నన్ను చూసింది. తర్వాత వదిన వైపు తిరిగి చెప్పింది. అఆఇ అఇఇ.

అమ్మాయి వచ్చింది.

సొంత కూతురితో చెబుతోంది, అమ్మాయి వచ్చిందని.

వదినని ఆవిడ ఏనాడూ అమ్మాయి అనలేదు. బుజ్జులు అనేది. ఇప్పుడైతే ఉఉఉ అనాలి. ఆ ఆదివారం నేను ఒక్క ఉఉఉ కూడా వినలేదు. నన్ను ఎదురుగా ఇదిగో అనేది తప్ప పేరు పెట్టి కూడా పిలవలేదు, నా వెనక ఏమనేదో నేనెప్పుడు ఆలోచించాను?

చేతులు కడుక్కున్నాను. నేను గ్లౌజు వేసుకునేలోపే ఆవిడ నోరు తెరిచింది, తెరవమనకుండానే. కుడి బుగ్గలో రోజుల తరబడి నానిన ముద్ద. ఆ వాసన నాకు తెలుసు. కొంచెం కొంచెంగా తీశాను, తోమాను, నాలుక తుడిచాను. నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ ఒక్కసారి కూడా మూయలేదు.

బయటికొచ్చాక వదిన అడిగింది, అమ్మ ఏమందని. అబద్ధం చెబుదామనుకుని, నోరు రాక నిజమే చెప్పాను. వదిన చాలాసేపు బకెట్లో గుడ్డలు పిండుతూనే ఉంది. ఫోన్లో నా గురించి చెప్పేటప్పుడు అమ్మ అలాగే అనేదట. అమ్మాయి డ్యూటీకి పోయింది, అమ్మాయికి మెడ నొప్పి అని. ఆ ఆదివారం తనకీ ఒక్క క్షణం అనుమానం వచ్చిందట, కానీ అమ్మ తనని కోరుకుందంటే కాదనుకోబుద్ధి కాలేదట. తను ప్రేమకొద్దీ తప్పు విన్నది. నేను కాళ్ళు చాపుకోవడానికి తప్పు విన్నాను.

ఈయనొక్కరే కరెక్టు. ఆయనకి ఒక్క అచ్చు కూడా అర్థం కాదు.

మార్చి 29, శనివారం

జ్వరం తగ్గింది. ఇంటికి తెచ్చాం. మధ్యాహ్నం షిఫ్టు వదులుకున్నాను. సగం జీతం. డాక్టరుగారు ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకునే చెబుతున్నానన్నాను.

మార్చి 30, ఆదివారం

పొద్దున తోముతుంటే అత్తగారు నా చూపుడు వేలు కొరికింది. పొరపాటున కాదు. పళ్ళ మధ్య పట్టుకుని, నా కళ్ళలోకి చూసి, ఇంకాస్త నొక్కి, వదిలింది. నేను చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఎడమవైపు పళ్ళు గట్టిగానే ఉన్నాయి.