అవ్వ కూడా అండమాన్‌కు

అత్తమ్మా, రసం పొయ్యి మీద ఉంది. వేడి చేసుకుని తినండి, బీపీ మాత్ర మరవద్దు. లయకు ఎండటోపీ కొనడానికి దీపక్, నేను పాపను తీసుకుని సౌకార్‌పేట బజారుకు వెళ్తున్నాం. చీకటి పడేలోపు వచ్చేస్తాం.

పొద్దున పిల్లల డాక్టరమ్మను చూసొచ్చాం. "రెండేండ్ల బిడ్డను ఆ దీవులకా తీసకపోయేది? ఆడ జొరమొస్తే ఏం చేస్తారు?" అని మీరు వారంగా అంటున్నారే, అదే అడిగాను. ఆమె లయ ఊపిరి పరీక్షించి, పాత ఫైలు తిరగేసింది. "ఏడో నెలలో పుట్టిన కిలోంబావు బిడ్డ ఈమేనా?" అని నవ్వింది. ఊపిరితిత్తులు బాగున్నాయట, నిశ్చింతగా వెళ్ళొచ్చట. జ్వరం మందు కూడా రాసిచ్చింది.

తర్వాత, "బిడ్డకు వెచ్చగా ఉండాలని రెండు నెలలు ఎదకు కట్టుకుని కూర్చున్న ఆ పెద్దామె ఎట్లా ఉన్నారు?" అని అడిగింది. "ఆమె మా అత్తమ్మ, బాగున్నారు" అని చెప్తుంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో. అప్పుడు బిడ్డను ముట్టుకోవాలంటేనే నాకు భయం. మీరు భయపడలేదు. అది మరిచిపోయి, నిన్న మీకు ఎదురు చెప్పి అలిగాను. తప్పు నాదే.

మీ ఆధార్ కార్డు తీసి టీవీ పక్కన పెట్టండి. సాయంత్రం వచ్చాక నలుగురికీ టికెట్లు తీస్తాం. మీరు రానంటే మేమూ వెళ్ళం.

శరణ్య

ఇందాక చెప్పులు తొడుగుతూ, సముద్రానికి ఎవరెవరు పోతాం అని లయను అడిగాను. "అమ్మ, అప్ప" అని నన్నూ దీపక్‌నూ చూపించి, "అవ్వ కూడా" అంది. రెండు మాటలు కలిపి చెప్పడం ఇదే మొదటిసారి.